ఒక బుకింగుకు ఒకే స్థితి, ఆ స్థితికి ఒకే వాకిలి

డేటాబేస్ టేబుళ్ల రూపకల్పన గురించి ఈ శీర్షికలో రాసినప్పటి నుంచి పాఠకులు పంపుతున్న ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. ఒక ఆర్డరు గాని, దరఖాస్తు గాని, బుకింగు గాని ఇప్పుడు ఏ దశలో ఉందో, తరువాత ఏ దశకు వెళ్లవచ్చునో అప్లికేషన్‌లో ఎక్కడ, ఎలా రాసిపెట్టాలన్నదే ఆ విషయం. మొదటి ప్రశ్నలోని ఫంక్షన్ హాలు ఉదాహరణ అందరికీ తెలిసినదే కాబట్టి మిగతా జవాబుల్లోనూ దానినే కొనసాగించాను.

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు): మేము నలుగురం కలిసి ఫంక్షన్ హాళ్ల బుకింగు అప్లికేషన్ ఒకటి నడుపుతున్నాము. జాంగో అనే పైతాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడుతున్నాము. బుకింగు టేబుల్లో ‘ఖరారైందా’, ‘అడ్వాన్సు వచ్చిందా’, ‘రద్దయిందా’, ‘ముగిసిందా’ అని నాలుగు అవును–కాదు కాలమ్‌లు ఉన్నాయి. కిందటి మాఘమాసంలో, హాలు వద్దని చెప్పి అడ్వాన్సు వెనక్కి తీసుకున్న పెళ్లివారికే ‘మీ హాలు ఖరారైనది’ అని ఎస్సెమ్మెస్ వెళ్లింది. చూస్తే ఆ వరుసలో ఖరారు, రద్దు రెండూ ‘అవును’ అని ఉన్నాయి. స్టేట్ మెషీన్ పెట్టుకోమని ఒక మిత్రుడు చెప్పాడు. మా చిన్న అప్లికేషన్‌కు అంత సరంజామా అవసరమా?

జవాబు: మీ మిత్రుడి సలహా సరైనదే, సరంజామా మాత్రం అక్కరలేదు. మీకు కావలసినవి ఒక కాలమ్, ఒక చిన్న పట్టిక, ఒక ఫంక్షన్. మూడూ కలిపినా, టేబుల్‌ను కోడులో వర్ణించే మోడల్ ఫైలులో ఒక పేజీకి మించవు.

ముందు జబ్బు ఎక్కడున్నదో చూద్దాము. అవును–కాదు కాలమ్‌లు నాలుగుంటే ఒక వరుసకు 16 రూపాలు సాధ్యమవుతాయి. నిజమైన బుకింగు ఐదారు రూపాలకు మించి ఉండదు. మిగిలిన పదింటికి అర్థమే లేదు గాని, డేటాబేస్ వాటిని కూడా మారుమాట లేకుండా దాచుకుంటుంది. ఎస్సెమ్మెస్ పంపే కోడు ‘ఖరారైందా’ ఒక్కటే చూసింది, రద్దు చేసే కోడు ‘రద్దయిందా’ను మార్చి ‘ఖరారైందా’ను అలాగే వదిలేసింది. ఎవరి కోడు వారి మట్టుకు సరిగానే ఉన్నది. బుకింగు స్థితి ఏమిటన్న ప్రశ్నకు మాత్రం టేబుల్లో ఒక్క జవాబు లేదు.

ఆ కాలమ్‌ల స్థానంలో ‘స్థితి’ అనే ఒకే కాలమ్ పెట్టి, దానికి ఐదు విలువలు ఇవ్వండి: విచారణ, హోల్డ్ (గడువు వరకు తేదీని తాత్కాలికంగా ఆపి ఉంచడం), ఖరారు, ముగిసినది, రద్దు. (అడ్వాన్సును ఇందులో ఎందుకు కలపలేదో నాలుగో జవాబులో చెబుతాను.) ఇప్పుడు ఏ స్థితి నుంచి ఏ స్థితికి వెళ్లవచ్చునో రాయండి. విచారణ నుంచి హోల్డ్‌కు గాని రద్దుకు గాని వెళ్లవచ్చు. హోల్డ్ నుంచి ఖరారుకు, రద్దుకు, గడువు దాటితే మళ్లీ విచారణకు వెళ్లవచ్చు. ఖరారైనది ముగియవచ్చు, లేదా రద్దు కావచ్చు. ముగిసినదానికి, రద్దయినదానికి ముందుకు దారి లేదు. ఐదు స్థితుల మధ్య ఊహించదగిన మార్పులు 20. వాటిలో మీ వ్యాపారం ఒప్పుకొనేవి ఏడు మాత్రమే. స్టేట్ మెషీన్ అంటే ఆ ఏడింటిని ఒకచోట రాసి, మిగతా పదమూడింటిని కాదనడమే. మోడల్ క్లాసులో ఒక డిక్షనరీగా ఈ పట్టికను ఉంచి, స్థితిని మార్చే ప్రతి పనీ దానిని చూసే ఒకే ఫంక్షన్ గుండా వెళ్లేటట్టు చేయండి. నేను వాకిలి అంటున్నది ఆ ఫంక్షన్‌నే. ఆ ఫంక్షన్ మీద ‘ఖరారు చేయి’, ‘రద్దు చేయి’ వంటి పేర్లతో చిన్న మెథడ్‌లు రాసుకుంటే, రద్దుకు కారణం తప్పనిసరి, ఖరారుకు తేదీ తప్పనిసరి వంటి నియమాలు కూడా వాటిలోనే కుదురుకుంటాయి.

ఈ పట్టికను ప్రోగ్రామర్లు తమలో తాము కూర్చుని రాయకూడదు. హాలు ఆఫీసు గదిలో డైరీ పట్టుకుని కూర్చునే మేనేజరును అడిగి రాయండి. ఆయన వెంటనే ‘మరి వాయిదా పడినవి?’ అని అడుగుతారు. అప్పుడు తొందరపడి ఆరో స్థితి చేర్చకండి. కొత్త తేదీ ఇచ్చి వాయిదా వేసుకున్నవారి బుకింగు ఇంకా ఖరారులోనే ఉన్నది, మారినది తేదీ. ఏ తేదీ చెప్పకుండా వాయిదా అన్నవారికి క్యాలెండరు మీద హక్కు లేదు, వారి డబ్బు మాత్రం మీ దగ్గర ఉన్నది. అది నిజంగానే వేరే స్థితి, దానికి వేరే పేరు, వేరే దారులు కావాలి. నేను పాటించే పరీక్ష ఒక్కటే. ఆ పేరు వచ్చినందువల్ల తరువాత చేయదగిన పనులు మారితే అది స్థితి, మారకపోతే అది వివరం మాత్రమే.

ఇక వాకిలి సంగతి. మోడల్‌లో ఫంక్షన్ రాశాము గదా అని నిశ్చింతగా ఉండలేము. జాంగోలో క్వెరీసెట్ (ఒక వెతుకులాటకు దొరికే వరుసల సమూహం) మీద పిలిచే ‘అప్‌డేట్’ మీ మోడల్ ‘సేవ్’ మెథడ్‌ను పిలవదు, మార్పు జరిగిందని మిగతా కోడుకు చెప్పే సిగ్నళ్లనూ పంపదు. రూబీ భాషలోని ఫ్రేమ్‌వర్క్ రైల్స్‌లో ‘అప్‌డేట్ ఆల్’ కూడా వాలిడేషన్లను (విలువల తనిఖీలను), కాల్‌బ్యాక్‌లను (సేవ్ వెంట తమంతట తాము నడిచే పనులను) దాటిపోతుంది. జాంగో ఫీల్డుకు ఇచ్చే ‘చాయిసెస్’ జాబితాను ఫారములు, పూర్తి వాలిడేషను పిలిచే చోట్లు తప్ప మరెవరూ పట్టించుకోరు. డేటాబేస్‌కు దాని సంగతే తెలియదు. కాబట్టి విలువల జాబితాను, రాసే ప్రతి వరుసనూ డేటాబేసే పరీక్షించే ‘చెక్’ నిబంధనగా, అక్కడ కూడా రాయండి. జాంగో 2.2 నుంచి దీనిని మోడల్‌లోనే ప్రకటించవచ్చు. స్థితి రద్దు అయితే రద్దు తేదీ ఖాళీగా ఉండకూడదన్న నిబంధన కూడా అక్కడే పెట్టవచ్చు. అనుమతించిన విలువల జాబితానే టైపుగా చేసే పోస్ట్‌గ్రెస్ ఎనమ్ కన్నా మామూలు టెక్స్ట్ కాలమ్, దాని మీద చెక్ నిబంధన మేలని నా అభిప్రాయం. ఎనమ్‌కు కొత్త విలువ చేర్చవచ్చు గాని ఉన్నదానిని తీసివేయడానికి నేరుగా ఆదేశం లేదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడేవారు తమది 8.0.16 గాని, అంతకు తరువాతిది గాని అవునో కాదో చూసుకోవాలి. అంతకు ముందరి వెర్షన్లు చెక్ నిబంధనను చదివి, కిమ్మనకుండా పక్కన పెట్టేవి.

చెక్ నిబంధన కొత్త విలువను మాత్రమే చూస్తుంది, పాత విలువ ఏమిటో దానికి తెలియదు. రద్దు నుంచి ఖరారుకు దూకడాన్ని డేటాబేస్ స్థాయిలోనే ఆపాలంటే పాత, కొత్త వరుసలను పోల్చే ట్రిగ్గర్ (వరుస మారినప్పుడల్లా డేటాబేసే నడిపే చిన్న ప్రోగ్రాము) రాయాలి. ఆ టేబుల్లోకి మీ అప్లికేషన్ ఒక్కటే రాస్తున్నంత కాలం అది అవసరం లేదనుకుంటాను. రెండో ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టిన రోజున తప్పదు.

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు): మా దగ్గర స్థితి కాలమ్, మార్పుల పట్టిక రెండూ ఉన్నాయి. అయినా ఒకరు ఖరారు నొక్కుతున్న క్షణంలోనే మరొకరు రద్దు నొక్కితే ఇద్దరికీ ‘పని అయింది’ అని వస్తోంది. పోయిన సీజన్‌లో ఒకే తేదీకి రెండు కుటుంబాలకు హాలు ఇచ్చాము కూడా. లోపం ఎక్కడున్నది?

జవాబు: మీరు అడిగినవి రెండు వేర్వేరు లోపాలు.

మొదటిది ఒకే వరుసకు సంబంధించినది. ఇద్దరు గుమస్తాల తెరల మీదా హోల్డ్ అనే ఉన్నది. మీ కోడు వరుసను చదివి, పట్టిక చూసి, ఇద్దరికీ సరేనన్నది. ఆఖరున రాసినవారి మాట నిలిచింది. చదవడానికి, రాయడానికి మధ్య ఉన్న ఆ సందును మూసివేయాలంటే పాత స్థితిని అప్‌డేట్ వాక్యంలోనే షరతుగా పెట్టాలి: ఈ నంబరు గల బుకింగు, దాని స్థితి ఇప్పటికీ హోల్డ్ అయితేనే, ఖరారుగా మార్చు. పోస్ట్‌గ్రెస్ మామూలుగా పనిచేసే రీడ్ కమిటెడ్ (పూర్తయి నిలిచిన మార్పులు మాత్రమే కనబడే) స్థాయిలో రెండో అప్‌డేట్ మొదటిది పూర్తయ్యే వరకు ఆగి, మారిన వరుస మీద షరతును మళ్లీ పరీక్షిస్తుంది. అప్పటికి స్థితి హోల్డ్ కాదు కాబట్టి దానికి సున్నా వరుసలు తగులుతాయి. మారిన వరుసల సంఖ్య ఒకటైతే పని జరిగినట్టు, సున్నా అయితే మీకన్నా ముందు ఇంకెవరో మార్చినట్టు. ‘సేవ్’ను తప్పించుకుంటుందని పై జవాబులో నేను తప్పుపట్టిన ఆ క్వెరీసెట్ అప్‌డేటే ఇక్కడ సరైన పనిముట్టు, వాకిలి లోపల వాడినంత వరకు. నిర్ణయానికి ముందు ఇతర టేబుళ్లను కూడా చూడవలసి ఉంటే, వరుసకు ముందే తాళం వేసి చదివే ‘సెలెక్ట్ ఫర్ అప్‌డేట్’ వాడండి.

రెండో లోపాన్ని స్టేట్ మెషీన్ పట్టుకోలేదు. రెండు కుటుంబాలవీ రెండు వేర్వేరు వరుసలు; ఏ వరుసకా వరుస నియమం ప్రకారమే ఖరారుకు చేరుకున్నది. వరుసల మధ్య నియమాన్ని డేటాబేస్‌కే అప్పగించాలి. స్థితి హోల్డ్ లేదా ఖరారు అయిన వరుసలకు మాత్రమే వర్తించేటట్టు, హాలు, తేదీ కలిపి ఒక పాక్షిక యూనిక్ ఇండెక్స్ (ఒకే జంట రెండుసార్లు రాకుండా ఆపేది) పెట్టండి. అప్పుడు విచారణలు ఒకే తేదీకి ఎన్నయినా ఉండవచ్చు, రద్దయినవీ అడ్డు రావు. మైఎస్‌క్యూఎల్‌లో పాక్షిక ఇండెక్స్ లేదు. హోల్డ్, ఖరారు స్థితుల్లో తేదీనీ మిగతా స్థితుల్లో నల్ (ఖాళీ) విలువనూ తానే లెక్కించి ఇచ్చే జనరేటెడ్ కాలమ్ ఒకటి పెట్టి, హాలుతో కలిపి దాని మీద యూనిక్ ఇండెక్స్ వేస్తే అదే ఫలితం వస్తుంది.

అయితే మన పెళ్లిళ్లకు తేదీ ఒక్కటే చాలదు. ముహూర్తం అర్ధరాత్రి దాటాక రెండు గంటలకు ఉంటే పెళ్లి రెండు తేదీల మీద సాగుతుంది. పొద్దున ఒక కుటుంబం ఖాళీ చేస్తే సాయంత్రం మరొకరి రిసెప్షన్ ఉంటుంది. అటువంటి చోట మొదలు, ముగింపు వేళలను పోస్ట్‌గ్రెస్ రేంజ్ టైపులో ఉంచి, ఒకే హాలుకు రెండు వేళలు ఒకదాని మీద ఒకటి పడకుండా ఎక్స్‌క్లూజన్ నిబంధన పెట్టండి. హాలు నంబరును కూడా అందులో కలపడానికి ‘బీట్రీ జిస్ట్’ ఎక్స్‌టెన్షన్ కావాలి.

హోల్డ్ గడువు విషయంలో చాలామంది ఒక చోట చిక్కుకుంటారు. గడువు దాటిన హోల్డ్‌లను లెక్కలోకి తీసుకోవద్దని ఇండెక్స్ షరతులోనే ‘ఇప్పటి సమయం’ రాయబోతే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు, ఎందుకంటే ఎప్పటికప్పుడు మారే విలువ ఇండెక్స్ షరతులో ఉండరాదు. అందువల్ల కొత్త హోల్డ్ ఇచ్చే ట్రాన్సాక్షన్‌లోనే (జరిగితే అన్నీ జరిగే, లేకుంటే ఏదీ జరగని పనుల గుంపు) ముందుగా ఆ హాలుకు, ఆ తేదీకి ఉన్న గడువు మీరిన హోల్డ్‌ను విచారణకు మార్చి, తరువాత కొత్తదానిని రాయండి. కొన్ని నిమిషాలకొకసారి నడిచే క్రాన్ పని తెర మీది వివరాలు తాజాగా ఉండడానికి పనికివస్తుంది. హాలు ఖాళీగా ఉన్నదా లేదా అన్న నిర్ణయం మాత్రం దాని మీద ఆధారపడకూడదు.

ప్రశ్న (బెంగళూరు నుంచి ఒక పాఠకుడు): ఇందుకోసం లైబ్రరీలు ఉన్నాయి గదా. చేత్తో రాయడం దేనికి?

జవాబు: ఒకటి రెండు మోడళ్ల వరకు చేత్తో రాయడమే నాకు నచ్చుతుంది, ముప్ఫై పంక్తుల కోడును కొత్తగా చేరినవారు పది నిమిషాల్లో చదివేయగలరు. మోడళ్లు పెరిగి, ఎవరికి ఏ మార్పు చేసే అనుమతి ఉన్నదన్న ప్రశ్న వచ్చినప్పుడు రైల్స్‌లో ఏఏఎస్ఎమ్, జాంగోలో ‘జాంగో ఎఫ్ఎస్ఎమ్’ వంటివి శ్రమ తగ్గిస్తాయి. జాంగో ఎఫ్ఎస్ఎమ్‌లో ఫీల్డును ‘ప్రొటెక్టెడ్’ అని ప్రకటిస్తే నేరుగా విలువ ఇవ్వడం కుదరదు, అయినా క్వెరీసెట్ అప్‌డేట్‌కు ఆ అడ్డు లేదు. లైబ్రరీ తెచ్చుకున్నా డేటాబేస్ నిబంధనలు మీరు రాసుకోవలసిందే.

రైల్స్ 4.1తో 2014లో వచ్చిన ఎనమ్‌ను కొందరు స్టేట్ మెషీన్ అనుకుంటారు. అది స్థితులకు పేర్లిస్తుంది, ఆ పేర్లతో వెతకనిస్తుంది, అంతే. ఏ మార్పునూ కాదనదు. పైగా విలువలను జాబితాగా రాసినవారు మధ్యలో కొత్త పేరు చేర్చితే దాని తరువాతి అంకెలన్నీ జరిగి, పాత వరుసల అర్థాలు రాత్రికి రాత్రి మారిపోతాయి. పేరుకు ఎదురుగా విలువను స్పష్టంగా రాయండి.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు): మా స్థితుల జాబితా ‘ఖరారు–అడ్వాన్సు అందినది’, ‘ఖరారు–పూర్తి సొమ్ము అందినది’, ‘రద్దు–సొమ్ము వాపసు పెండింగ్’, ‘రద్దు–సొమ్ము వాపసు అయినది’ అంటూ పెరిగిపోతోంది. పట్టిక ఎవరికీ అర్థం కావడం లేదు.

జవాబు: మీ పేర్ల మధ్యనున్న గీతే లోపాన్ని చూపిస్తోంది. ఒక కాలమ్‌లో రెండు యంత్రాలు ఇరుక్కున్నాయి. బుకింగుకు ఐదు స్థితులు, సొమ్ముకు నాలుగు స్థితులు ఉన్నాయనుకుంటే, రెంటినీ కలిపి పేర్లు పెట్టడానికి 20 పేర్లు కావాలి. విడదీస్తే 9 చాలు. పెళ్లివారు చెల్లించే ప్రతి సొమ్మూ చెల్లింపుల టేబుల్లో తన సొంత స్థితితో ఒక వరుసగా ఉండాలి. బుకింగు రద్దయిన నెల తరువాత కూడా వాపసు నడుస్తూ ఉండవచ్చు, ఒక బుకింగుకు మూడు చెల్లింపులు ఉండవచ్చు; ఒక్క కాలమ్ వీటిని మోయలేదు. రెంటినీ కలిపే నియమాలు, ఉదాహరణకు అడ్వాన్సు అందనిదే ఖరారు చేయరాదన్నది, ‘ఖరారు చేయి’ మెథడ్‌లో షరతుగా ఉంటాయి.

ఈ ఇబ్బంది కొత్తది కాదు. 1980ల మొదట్లో కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ హారెల్ ఇజ్రాయెల్‌లో లావీ యుద్ధవిమానపు ఎలక్ట్రానిక్ వ్యవస్థల మీద సలహాదారుగా పనిచేస్తూ, మామూలు స్థితి చిత్రాలలో పేర్లు ఇలా గుణించుకుపోవడాన్ని చూసి, స్థితిలోపలి స్థితులను, పక్కపక్కనే నడిచే సమాంతర భాగాలను చేర్చి స్టేట్‌చార్టులను రూపొందించారు. ఆ వ్యాసం 1987లో అచ్చయింది. మీకు స్టేట్‌చార్ట్ లైబ్రరీ అవసరం లేదు. ఆయన చెప్పిన సమాంతర భాగాలు మీ అప్లికేషన్‌లో రెండు టేబుళ్లుగా ఉంటే సరిపోతుంది.

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక పాఠకుడు): ఎవరు, ఎప్పుడు, ఎందుకు రద్దు చేశారని యజమాని అడిగితే చెప్పలేకపోతున్నాము. ఎస్సెమ్మెస్ పంపే కోడును స్థితి మార్చే ఫంక్షన్‌లోనే పెట్టవచ్చునా?

జవాబు: స్థితి కాలమ్ ప్రస్తుతాన్ని మాత్రమే చెబుతుంది. బుకింగు నంబరు, పాత స్థితి, కొత్త స్థితి, మార్చినవారు, సమయం, కారణం అనే ఆరు కాలమ్‌లతో మార్పుల చరిత్ర టేబుల్ ఒకటి పెట్టి, స్థితిని మార్చే ట్రాన్సాక్షన్‌లోనే అందులోనూ ఒక వరుస రాయండి. క్రాన్ పని చేసిన మార్పులకు కూడా ‘మార్చినవారు’ కాలమ్ ఖాళీగా ఉండకూడదు. రూబీలో గోకార్డ్‌లెస్ సంస్థ విడుదల చేసిన స్టేట్స్‌మన్ లైబ్రరీ ఈ చరిత్ర టేబుల్నే ప్రధానంగా చేసుకుని పనిచేస్తుంది. చిన్న అప్లికేషన్‌లో ప్రస్తుత స్థితిని బుకింగు వరుసలోనే ఉంచడం మేలు. పైన చెప్పిన పాక్షిక ఇండెక్స్‌కు అది అక్కడే కావాలి.

ఎస్సెమ్మెస్‌ను ట్రాన్సాక్షన్ మధ్యలో పంపకండి. పంపిన తరువాత ఏ కారణం చేతనైనా ట్రాన్సాక్షన్ వెనక్కి పోతే వరుస పాతదిగానే ఉంటుంది, కబురు మాత్రం ఊరు చేరిపోతుంది. ట్రాన్సాక్షన్ కమిట్ అయిన (ఖాయమైన) తరువాతనే నడిచే ‘ఆన్ కమిట్’ జాంగోలో, ‘ఆఫ్టర్ కమిట్’ రైల్స్‌లో ఇందుకే ఉన్నాయి. కమిట్ అయి, కబురు వెళ్లకముందే సర్వరు ఆగిపోయే ప్రమాదం కూడా వద్దనుకుంటే, పంపవలసిన కబురును అదే ట్రాన్సాక్షన్‌లో మరో టేబుల్లో రాసి, వేరే పనివాడు దానిని తీసి పంపేటట్టు చేయండి. అప్పుడప్పుడు ఒకే కబురు రెండుసార్లు వెళ్లవచ్చు. హాలు ఖరారైనదన్న కబురు రెండుసార్లు అందినా పెళ్లివారు కోప్పడరు, అసలు అందకపోతేనే ఫోన్ చేస్తారు.

ప్రశ్న (తిరుపతి నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని): సిలబస్‌లో చదివే ఫైనైట్ ఆటోమేటా, ఇదీ ఒకటేనా?

జవాబు: మూలం ఒకటే. జార్జ్ మీలీ 1955లో, ఎడ్వర్డ్ మూర్ 1956లో ప్రచురించిన నమూనాలలో ఉన్నవి కూడా స్థితులు, ఇన్‌పుట్‌లు, మార్పులు, అవుట్‌పుట్‌లే. మీరు రోజూ వాడే ఇంటర్నెట్‌లోనూ ఇది ఉన్నది. కంప్యూటర్ల మధ్య కనెక్షన్లను నడిపే టీసీపీ నియమావళి 1981 నాటి ప్రమాణ పత్రం, ఆర్ఎఫ్‌సీ 793, ఒక కనెక్షన్‌కు 11 స్థితులు చెబుతూ వాటిలో ‘క్లోజ్డ్’ అన్నది కల్పిత స్థితి అంటుంది, ఎందుకంటే ఆ స్థితిలో కనెక్షనే ఉండదు. మన బుకింగుకూ అటువంటి స్థితి ఒకటున్నది: వరుస ఇంకా పుట్టని స్థితి. కొత్త బుకింగు విచారణగానే పుట్టాలా, నేరుగా ఖరారుగా పుట్టవచ్చునా అన్నది కూడా పట్టికలో రాయవలసిన నియమమే, చాలామంది దానినే మరచిపోతారు.

ప్రశ్న (మళ్లీ రాజమహేంద్రవరం పాఠకుడే): సరే, మారుస్తాము. ఇప్పటికే ఉన్న వరుసలను ఏమి చేయాలి?

జవాబు: ముందుగా నాలుగు కాలమ్‌ల విలువలను గుంపులుగా చేసి, 16 రూపాలలో మీ టేబుల్లో ఏవి ఉన్నాయో, ఒక్కొక్కటి ఎన్నిసార్లు ఉన్నదో లెక్క తీయండి. కొత్త కాలమ్‌ను ఖాళీగా ఉండనిస్తూ చేర్చండి. కొంతకాలం కోడు పాతవాటిని, కొత్తదానిని రెంటినీ రాయాలి. అర్థం స్పష్టంగా ఉన్న రూపాలను ఒక్క అప్‌డేట్‌తో నింపవచ్చు. ఖరారు, రద్దు రెండూ అవును అని ఉన్న వరుసల జోలికి మాత్రం స్క్రిప్టుతో వెళ్లకండి. వాటిలో తేదీ దాటిపోయినవాటిని మేనేజరు డైరీతో పోల్చి చూడండి. తేదీ ఇంకా రానివాటికి ఆ కుటుంబాలకే ఫోన్ చేసి కనుక్కోండి. ఖాళీ స్థితి ఒక్కటి కూడా మిగలలేదని తేలిన తరువాత నాట్ నల్, చెక్, పాక్షిక ఇండెక్స్ చేర్చండి. ఇండెక్స్ చేర్చేటప్పుడు పోస్ట్‌గ్రెస్ డూప్లికేట్ ఉన్నదని ఫిర్యాదు చేస్తే, రాబోయే రోజుల్లో ఏదో ఒక తేదీకి హాలు ఇప్పటికే ఇద్దరికి ఇచ్చేశారన్నమాట. ఆ సంగతి హాలువారికి ఆ రోజే చెప్పండి. పాత కాలమ్‌లను ఎవరూ చదవడం లేదని నిర్ధారించుకున్నాక, ఒక ముహూర్తాల సీజను గడిచాక తొలగించండి.